అది పాత నాణెం కాదండీ, సాలెపురుగు

నార్త్ జార్జియాలో ట్రెయిల్ పక్కన వాగు గట్టు మీద చిన్న బొక్కలో చెక్కిన నాణెం లాంటిది కనిపించింది, తవ్వి తీయొచ్చా అని అడిగారు కదా. తీయకండి. అది బతికున్న సాలెపురుగు, మీకు కనిపించింది దాని పొట్ట చివర. పేరు సైక్లోకాస్మియా ట్రంకేటా. జార్జియా, అలబామా, టెనెసీ కొండవాగుల గట్ల మీద ఉంటుంది, అక్కడే పుట్టి పెరిగినోళ్లలో కూడా చాలామంది చూసుండరు.

నేను అట్లాంటా వైపు ఉంటా, వీకెండ్ వస్తే అలబామా బోర్డర్ దాకా తిరుగుతుంటా. నేను చూసింది నాచు పట్టిన ఏటవాలు గట్టు మీద. దాని బొరియకి మట్టీ పట్టూ కలిపి అల్లిన పల్చటి మూత, మామూలుగా అయితే అంచు కూడా దొరకదు, ఆ రోజు వానకి ఒక పక్క కాస్త లేచి ఉంది, వంగేసరికి లోపల ఏదో సర్రున కిందికి జారిపోయింది, ఫోన్ లైట్ వేస్తే కాళ్లు లేవు కళ్లు లేవు, నల్లటి గుండ్రటి బిళ్ల, మధ్యలోంచి అంచుకి వరసగా గాడులు, చుట్టూ బిరుసు వెంట్రుకలు.

బొరియ కిందికి పోయేకొద్దీ ఇరుకవుద్ది. ఏదైనా మీదకొస్తే ఇది తలకిందులుగా లోపలికి దూరి, గట్టిపడిన ఆ బిళ్ల గోడలకి బిగిసే చోట ఆగిపోతుంది, సీసాకి బిరడా పెట్టినట్టు. సాలెపురుగుని కుట్టి, కదలకుండా చేసి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టే కందిరీగలు ఉంటాయి చూడండి, వాటి నుంచి తప్పించుకోడానికే ఈ ఏర్పాటంతా అంటారు.

1841లో దీని గురించి మొదట రాసింది నికొలస్ హెంజ్, ఫ్రాన్స్‌లో పుట్టి అలబామాలోని ఫ్లోరెన్స్‌లో ఆడపిల్లల స్కూలు నడిపినాయన. దీని దగ్గరి చుట్టాల్లో ఒకటి పక్కనే ఫ్లోరిడాలో ఉంటుంది, మిగతావి మెక్సికో, గ్వాటెమాలా, అవి దాటితే ఏకంగా చైనా, థాయిలాండ్! నాకైతే బిళ్లకంటే ఇదే ఎక్కువ వింత.

పిల్లలతో వెళ్లామన్నారు కాబట్టి, దీని విషంతో మనుషులకి పెద్ద ప్రమాదం లేదు, అలాగని వేలు పెట్టించకండి, కోరలు బానే ఉంటాయి. ఈ బిళ్ల మోజుతో తవ్వుకెళ్లి పెంచుకునేవాళ్లూ అమ్ముకునేవాళ్లూ ఉన్నారు, చూస్తే ఒళ్లు మండుద్ది, తీరా డబ్బాలో పెట్టాక అది రోజంతా మట్టిలోనే, కనపడి చస్తే కదా.

మళ్లీ చూడాలనుంటే క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు చీకటి పడ్డాక చూడండి. మూత కిందే కూర్చుని పైన ఏ పురుగు నడుస్తుందా అని కాచుకుంటుంది. టార్చ్ కాస్త దూరం నుంచి వెయ్యండి, మూత మాత్రం ఎత్తొద్దు, అతుకు తెగితే పాపం మళ్లీ అల్లుకోవాలి.