పెంకుటింటి కప్పు ఎవరి చేతిలో పెట్టాలి

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం కులాసా. ఊళ్ళో మీ ఇంటి కప్పు ఫోటోలు, దాన్ని మార్చడానికి ముగ్గురు కాంట్రాక్టర్లు వేసి ఇచ్చిన అంచనాలు అందాయి. ముగ్గురిలో ఎవరిది తక్కువో నువ్వే లెక్క కట్టి, "ఇతనికే ఇచ్చేయమంటారా మామయ్యా" అని అడిగావు. పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసిన రోజుల్లోనూ, ఆ తరువాత మా ఇంటికి రెండుసార్లు, మీ చిన మామయ్య ఇంటికి ఒకసారి కప్పు మార్పించినప్పుడూ నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, కప్పు పనిలో మొదట రాసిచ్చిన మొత్తానికీ చివరికి మన జేబులోంచి పోయే మొత్తానికీ పెద్దగా చుట్టరికం ఉండదు. పెంకు దించేదాకా కింద ఉన్న కర్ర సంగతి ఎవరికీ పూర్తిగా తెలియదు. దించాక బయటపడే పుచ్చుకూ చెదకూ ఏ ధర కడతారన్నది ముందే తేల్చి చెప్పగలవాడికి పని ఇవ్వాలి తప్ప, అంకె తక్కువ వేసినవాడికి కాదు.

నువ్వు పంపిన కాగితాల్లో మొదటి రెండూ ఫోటోలు చూసి వేసినవే. ఆ ఇద్దరూ మీ ఇంటి గుమ్మం తొక్కలేదని మీ అమ్మే ఫోనులో చెప్పింది. ఇల్లు చూడకుండా అంచనా వేయగలిగినవాడు పనిలో ఎంత చెయ్యి తిరిగినవాడైనా సరే, వేసిన అంకెను నిలబెట్టుకోలేడు, నిలబెట్టుకునే ఉద్దేశమూ అతనికి ఉండదు.

మీ చిన మామయ్య ఇంటికి వచ్చిన మేస్త్రీ సంగతి చెబుతాను. రాగానే అతను రేటు చెప్పలేదు, మంచినీళ్ళు తాగి నిచ్చెన అడిగాడు. అటక ఎక్కి, వాసాలు గోడ మీద కూర్చునే చోటల్లా స్క్రూడ్రైవరుతో పొడిచి చూసుకుంటూ పోయాడు. కారిన నీళ్ళు చేరేదీ, గోడలోంచి చెద ఎక్కేదీ ముందుగా అక్కడే కదా. గట్టి కర్రలో మొన దిగదు, పుచ్చిన కర్రలో బెల్లం దిమ్మలో దిగినట్టు దిగుతుంది. దిగిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ అంతా చూసి దిగేసరికి 42 వాసాల్లో తొమ్మిదింటికే గీతలు పడ్డాయి. "మిగతావి మీ తాతగారి నాటి చేవ తాడి, వీటిని తీయించేస్తే ఇలాంటివి మళ్ళీ నేను తేలేనండి" అన్నాడు. అంతకు ముందు వచ్చిన ఇద్దరూ కర్రంతా మార్చాలని తేల్చినవారే. అందుకని ఎవరు వచ్చినా ఏమేమి మార్చాలని అడగకు, "ఏవి మార్చనక్కరలేదు?" అని అడుగు. దానికి కర్ర ముట్టుకుని చూపించి జవాబు చెప్పేవాడికీ, "అంతా పాతది కదండీ" అనేవాడికీ ఉన్న తేడా నీకే తెలుస్తుంది.

ఇక కొలత. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, అయినా చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని పట్టించుకోరు. మీ ఇల్లు గోడల బయటి కొలతకు 30 అడుగులు, 40 అడుగులు, అంటే నేల మీద 1200 చదరపు అడుగులు. కానీ చూరు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వచ్చింది కాబట్టి కప్పు కింద పడే జాగా 34 అడుగులు, 44 అడుగులు, అంటే 1496. కప్పు వాలుగా ఉంటుంది కనుక అసలు పెంకు పరుచుకునే వైశాల్యం అంతకన్నా ఎక్కువ. అడుగు దూరానికి ఏడంగుళాల చొప్పున లేచే వాలైతే, అంటే సుమారు 30 డిగ్రీలైతే, ఆ 1496ను 1.15తో హెచ్చించాలి, దాదాపు 1720 వస్తుంది. నీకు వచ్చిన అంచనాల్లో ఒకటి 1200 మీద, ఇంకొకటి 1800 మీద వేసినవి. చదరపు అడుగు రేటు చూసి మొదటిది ఖరీదు, రెండోది చవక అనుకున్నావు కానీ, ఇద్దరూ ఏ వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకున్నారో అడగకుండా వాటిని పోల్చడం కుదరదు. వాలు మీద టేపు వేసి, చూరుతో సహా కొలిచి, ఆ కొలతలు నువ్వూ పని చేసేవాడూ సంతకం పెట్టిన కాగితం మీద ఉండాలని ముందే చెప్పు. మా శాఖలో ఎం-బుక్కులో, అంటే కొలతలు రాసే పుస్తకంలో, కొలత ఎక్కనిదే బిల్లు కదిలేది కాదు, ఇంటి పనికీ ఆ పద్ధతి మంచిదే.

పెంకుల లెక్కా దాన్నిబట్టే వస్తుంది. మంగుళూరు పెంకు నూరు చదరపు అడుగులకు సుమారు 140 పడుతుంది, దించడంలో, ఎక్కించడంలో పగిలేవాటికి నూటికి ఐదో ఆరో కలుపుకో. పాత పెంకులన్నీ తీసి పారేయాలన్నవాడి మాట వినకు. 1860ల్లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగుళూరులో మొదలుపెట్టిన ఈ రకం పెంకు బాగా కాలితే తరాల తరబడి ఉంటుంది. పైన పాచి పట్టి నల్లబడ్డా, గోటితో కొడితే ఖంగుమంటే ఆ పెంకు బతికే ఉన్నట్టు. మొద్దుగా మోగితే తీసేయాల్సిందే. కొత్త పెంకు కొనేటప్పుడు రెండు మూడింటిని తూచి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచి చూడు. బరువు ఐదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే ఆ సరుకు వద్దు. ఇంకొక మాట, ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాత పెంకు, కొత్త పెంకు ఒకే వరుసలో కలిపితే ఒకదానిలో ఒకటి ఇమిడే గాళ్ళు సరిగా కూర్చోవు, ఆ సందుల్లోంచే కారుతుంది. పాతవన్నీ ఒక వాలుకు, కొత్తవన్నీ ఇంకో వాలుకు వేస్తానని తనంతట తానే చెప్పే మేస్త్రీ దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. అలాగే మంచి వడ్రంగి రీపర్లు, అంటే పెంకు ఆనే అడ్డ బద్దలు, కొట్టే ముందు ఏ పెంకు వేయబోతున్నారో అదే పెంకును నేల మీద నాలుగు వరుసలుగా పరిచి, ఎడం ఎంత రావాలో ఒక పుల్ల మీద గుర్తు పెట్టుకుంటాడు. అన్ని ఇళ్ళకూ ఒకటే ఎడం అంటూ లెక్క వల్లించేవాడు పెంకును చూడకుండానే రీపరు కొడుతున్నాడన్నమాట.

మొదటిసారి నేను ఎలా దెబ్బతిన్నానో మీ అమ్మకు గుర్తుండే ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమను ఊడ్చేసిన తరువాత, కప్పు ఎగిరిపోని ఇల్లు వెతికినా కనబడేది కాదు, పెంకు నేసేవాడు దొరకడమే గగనం అయింది. దొరికిన ఒక కాంట్రాక్టరుకు, మొత్తంలో సగం ఒకేసారి ఇస్తే ముందు మీ ఇల్లే మొదలుపెడతానంటే, ఆత్రం కొద్దీ ఇచ్చేశాను. అతను మాట ప్రకారం మర్నాడే వచ్చి మిగిలి ఉన్న పెంకంతా దించి, ఇంకో ఊళ్ళో ఇంకొకరి అడ్వాన్సు పుచ్చుకుని తొమ్మిది రోజులు మొహం చూపించలేదు. మూడో రాత్రి వాన పడితే మా అమ్మ పెళ్ళినాటి భోషాణం మీద నేనూ మీ చిన మామయ్యా చాప పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాం. అతను మోసగాడని నేను అనను. డబ్బు ముందే చేతికి వచ్చినవాడికి మన ఇంటి మీద తొందర ఉండదు, అంతే.

కనుక బయానా నూటికి పది మించనివ్వకు. ఆ తరువాత కర్ర, పెంకు ఇంటి ముందు దిగాక వాటి ఖరీదు, వాసాలు, రీపర్లు పూర్తయ్యాక కొంత, పెంకు నేయడం అయ్యాక కొంత, అలా పని వెనకాల డబ్బు నడవాలి. చివరి పదో వంతు మాత్రం మొదటి గట్టి వాన పడి, ఎక్కడా కారలేదని తేలాక ఇస్తానని ముందే చెప్పు. తన చేతి మీద నమ్మకం ఉన్నవాడు బేరం ఆడతాడేమో కానీ, ఒప్పుకోకుండా వెళ్ళిపోడు. సరుకు మనమే కొని పనికి మాత్రం గుత్తకు ఇవ్వడం నాకు ఇష్టం, కానీ నువ్వు హైదరాబాదులో ఉండి, మీ అమ్మ ఒక్కతే ఇక్కడ ఉన్నప్పుడు కర్ర ఎంపిక ఎవరు చేస్తారు? తాడిలో చేవ అంచున ఉంటుంది, నడిమంతా మెత్తనే. లేత తాడి చీల్చి వాసాలని అమ్మితే నాలుగు వానలకు వంగిపోతుంది. కర్ర కొనే రోజు నన్ను పిలువు, మిగతాది మేస్త్రీకే వదిలేద్దాం.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. భాష లాయరుది కానక్కరలేదు, మనకు అర్థమైతే చాలు. ముఖ్యంగా రాయించవలసింది అదనపు పని రేటు: దించాక పుచ్చినట్టు తేలిన ఒక్కో వాసానికి ఇంత, రీపరు అడుగుకు ఇంత, పగిలిన గోడ తలకట్టుకు ఇంత అని. తేలినప్పుడు మీ అమ్మకో నాకో చూపించి, ఫోటో తీసి, ఒప్పుకున్నాకే మార్చాలని కూడా రాయించు. పాత కర్ర, పాత పెంకు ఎవరివన్నది రాయకపోతే అవి సాయంత్రం బండెక్కి వెళ్ళిపోతాయి. వెన్ను పెంకులు సిమెంటులో కూర్చోబెట్టడం, గోడలో దిగే వాసం కొసలకు తారు పూయడం, చూరు వరుసల పెంకులను తీగతో రీపరుకు కట్టడం కూడా అందులో ఉండాలి. మనది తుపానుల సీమ, గాలి కప్పును చూరు దగ్గరా, మూలల్లోనూ, వెన్ను దగ్గరా ముందు లేపుతుంది. వాసాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించే సంగతి తానుగా ఎత్తని మేస్త్రీని నేనైతే మన జిల్లాలో పనికి పెట్టుకోను. డబ్బు ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకో. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద డబ్బిచ్చి చేయించుకున్న ఇలాంటి పని కూడా సేవే కనుక, తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనుకూ వెళ్ళవచ్చు, కానీ ఆ కాగితమూ రసీదులూ లేకుండా అక్కడ చూపించేది ఏమీ ఉండదు.

అతను చేసిన పాత పనులు చూడమని అందరూ చెబుతారు. పోయిన నెల పూర్తిచేసిన ఇల్లు చూసి లాభం లేదు, కొత్త కప్పు ఎవరిదైనా కారదు. రెండు వానాకాలాలు దాటిన ఇల్లు చూపించమను. అక్కడ యజమానితో కాదు, ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడు, వీలైతే మీ అమ్మనే పంపించు. వాన పడితే గిన్నె ఎక్కడ పెడుతున్నారో వాళ్ళకే తెలుసు. కారిందని కబురు పెడితే ఎన్ని రోజులకు వచ్చాడని కూడా అడగమను, ఆ ఒక్క జవాబు మిగతా పొగడ్తలన్నిటికన్నా విలువైనది.

రేకులు వేయించేద్దామని కూడా రాశావు. వంటపాకకు వేయించు, ఇంటికి వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడికి మీ అమ్మ మధ్యాహ్నం లోపల ఉండలేదు, వాన పడితే పక్కవాళ్ళ మాట వినబడదు. పాకకు ఇప్పుడున్న పాత సిమెంటు రేకులు మాత్రం సుత్తితో పగలగొట్టించకు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించమని చెప్పు.

పని చేసేవాళ్ళ సంగతి. వాలు కప్పు మీద తాడు లేకుండా ఎక్కిస్తానన్నవాడు ఖర్చు మిగిల్చినట్టు కనిపిస్తాడు, ఎవరైనా జారిపడితే ఆ ఇంటి ఉసురు మనకు తగులుతుంది. తాళ్ళు, బల్లలు తనే తెస్తాడా, పనివాళ్ళకు బీమా ఉందా అన్నది ముందే అడుగు.

ముహూర్తం విషయానికి వస్తే, సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి వేసవి వానలకు ముందే ముగించడం మేలు. ఆ రోజుల్లో మేస్త్రీలు తీరికగా ఉంటారు, కర్ర కూడా ఆరి ఉంటుంది. కప్పు మొత్తం ఒకేసారి దించనివ్వకు. తూర్పు వాలు నేయడం అయ్యాకే పడమటి వాలు దించాలి, దించే రోజు ఉదయానికే ఇల్లంతా కప్పే బరకం ఇంటి దగ్గర ఉండాలి. ఆ బరకం నువ్వే కొనిపెట్టు, దాని కోసం కాంట్రాక్టరుతో వాదన అనవసరం.

నీ మూడో కాగితం ఇచ్చినతని రేటు మిగతా ఇద్దరికన్నా ఎక్కువే, కానీ దాని వెనకవైపు "దక్షిణం వైపు మూలవాసం, చూడాలి" అని పెన్సిలుతో రాసి ఉంది. అంటే అతను నిచ్చెన ఎక్కాడు. అతన్ని వచ్చే ఆదివారం ఉదయం మీ ఇంటికి రమ్మని చెప్పాను. మీ ఇంటి నిచ్చెన మెట్టు ఒకటి విరిగిందట కదా, మాది పంపిస్తున్నాను. నువ్వు శనివారం రాత్రికే బయలుదేరి రా, వచ్చేటప్పుడు 30 మీటర్ల టేపు ఒకటి తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య