ఉద్యోగం ముందా ఇల్లు ముందా అని అడిగావు కదా

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను, ఉద్యోగం, ఇల్లు వెతుక్కునేవాళ్లకి సాయం చేసే ఆ సెంటర్లో సోమవారం నుంచి జాయిన్ అవుతున్నావట, చాలా సంతోషం. చేతిలో డబ్బుల్లేక ఉండటానికి చోటు కూడా సరిగ్గా లేక వచ్చినవాళ్లకి ముందు ఉద్యోగం చూడాలా ఇల్లు చూడాలా అని అడిగావు. నన్నడిగితే రెండూ ఒకేసారి మొదలుపెట్టు, ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపకు. చాలా ఆఫీసుల్లో ఉద్యోగాలు చూసేవాళ్లు ఒక గదిలో, ఇళ్లు చూసేవాళ్లు ఇంకో గదిలో ఉంటారు, ఉద్యోగాలవాళ్లేమో అడ్రస్ ప్రూఫ్ పట్రా అంటారు, ఇళ్లవాళ్లేమో శాలరీ స్లిప్ చూపించు అంటారు, పాపం ఆ మనిషి ఈ గదికీ ఆ గదికీ తిరిగి తిరిగి విసుగొచ్చి ఇంక రావడమే మానేస్తాడు.

ఎదురుగా కూర్చున్నవాళ్లని కాస్త గమనించు. అప్లికేషన్ ఇస్తే పేరు గబగబా రాసేస్తారు, వయసు రాస్తారు, అడ్రస్ గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగుతుంది. బ్యాగ్ కింద పెట్టమన్నా పెట్టరు, ఒళ్లోనే పట్టుకుని కూర్చుంటారు. అప్పుడు గానీ నువ్వు "అడ్రస్ లేకుండా ఎలాగండీ" అన్నావో అంతే సంగతులు. రాత్రి ఎక్కడ పడుకున్నారండీ అని మామూలుగా, అందర్నీ అడిగేదే అన్నట్టు అడుగు. ఫ్రెండ్ రూమ్‌లో అంటారు, ఇంకెన్నాళ్లు ఉండనిస్తారు అని అడిగితే అప్పుడు బయటికొస్తుంది అసలు విషయం. ఉత్తరాలు రావడానికి మీ సెంటర్ అడ్రస్ వాడుకోనిస్తారో లేదో మేనేజర్‌ని మొదటిరోజే కనుక్కో, చిన్న పనే కానీ భలే ఉపయోగం.

ఇదేం కొత్త సమస్య కాదులే. 1884లో లండన్‌లో టాయిన్‌బీ హాల్, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి పెట్టిన హల్ హౌస్, వీళ్లంతా పేదల పేటల్లోకే వెళ్లి కాపురం ఉండి పనిచేసినవాళ్లు. హల్ హౌస్‌కి వచ్చే ఫ్యాక్టరీ అమ్మాయిలు సమ్మె చేసినప్పుడు ముందు ఎవరు వెనక్కి తగ్గేవాళ్లంటే, రూమ్ డబ్బులు కట్టలేక రోడ్డున పడతామని భయపడేవాళ్లు. అందుకని 1890ల మొదట్లో జేన్ క్లబ్ అని ఒక హాస్టల్ మొదలైంది, అమ్మాయిలే కలిసి నడుపుకునేవాళ్లు. తలదాచుకునే చోటు గురించి బెంగ లేకపోతే పనిచోట గట్టిగా మాట్లాడగలరు, అది వాళ్లకి అప్పుడే అర్థమైంది, మనవాళ్లకి ఇప్పటికీ మీటింగ్ పెట్టి చెప్పాల్సొస్తోంది.

హౌసింగ్ ఫస్ట్ అనే మాట ఆ సెంటర్లో నీకు రోజూ వినపడుతుంది. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టాడు, మానసిక జబ్బులతో వీధుల్లో ఉంటున్నవాళ్లకి ముందు తాగుడు మానెయ్, ట్రీట్‌మెంట్ తీసుకో లాంటి షరతులేం లేకుండా నేరుగా ఇల్లు ఇప్పించడం, సాయం ఆ తర్వాత కూడా అందించడం. ఫిన్లాండ్ 2008లో దాన్నే దేశం మొత్తానికి ప్రోగ్రామ్‌గా తీసుకుని, షెల్టర్లు చాలావాటిని ఎవరి అగ్రిమెంట్ వాళ్లకుండే ఫ్లాట్లుగా మార్చేసింది, ఏళ్ల తరబడి ఇల్లు లేనివాళ్లు అక్కడ బాగా తగ్గారు. నాకు నచ్చిన పద్ధతే, కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇల్లొస్తే ఉద్యోగం దానంతటదే వచ్చి తలుపు కొట్టదు, దాని పని వేరేగా చెయ్యాల్సిందే.

ఉద్యోగం దగ్గర జాగ్రత్త ఏంటంటే, ముందు డబ్బు కట్టమనే ఏజెంట్లు. వచ్చినవాళ్లలో ఎంతమంది ఇలా పోగొట్టుకుని వస్తారో నువ్వే చూస్తావు, సిగ్గుపడి చెప్పరు కూడా. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 1948లో చేసిన 88వ ఒప్పందం ఉచిత ప్రభుత్వ ఉపాధి సేవ ఉండాలంటుంది, 1997లో చేసిన 181వది ప్రైవేట్ ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదంటుంది. మినహాయింపులున్నాయి, అన్ని దేశాలూ వాటిని ఆమోదించలేదు కూడా, అయినా సరే నీ దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ రిజిస్ట్రేషన్ ఫీజు అనగానే లేచి వచ్చెయ్యమని చెప్పు.

ఇంకోటి, జాబ్ దొరికిందని సంబరపడే ముందు టైమింగ్స్ చూడు. షిఫ్ట్ అయ్యేది అర్ధరాత్రి, ఆఖరి బస్సు దానికి గంట ముందే వెళ్లిపోతుంది, ఆ ఉద్యోగం నిలుస్తుందా చెప్పు. పిల్లల్ని ఎవరు చూస్తారు, మొదటి జీతం వచ్చేదాకా రానూపోనూ ఛార్జీలకి ఏముంది, ఇవి అడక్కుండా ఎవర్నీ పంపకు. జాయిన్ అయిన కొన్నాళ్లకే మానేసేవాళ్లుంటారు, పని చేతకాక కాదు, ఇదిగో ఇలాంటివాటివల్ల కూడా. పై ఆఫీసు వాళ్లు ఎంతమందికి జాబ్ ఇప్పించావ్ అనే అడుగుతారు, వాళ్లకి కావల్సిన లెక్క వాళ్లకియ్యి, మూడు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారన్న లెక్క నీ కోసం నువ్వు రాసుకో.

ఎక్కడికైనా పంపేటప్పుడు చేతిలో కాగితం పెట్టి వెళ్లండి అనకు. వాళ్లు నీ ముందు ఉండగానే ఫోన్ చెయ్యి, అవతల ఎవరు మాట్లాడారో పేరు రాసివ్వు, ఏ కాగితాలు తేవాలో అప్పుడే అడుగు. సగం ఆఫీసులు అడ్రస్ మారి ఉంటాయి, లేదంటే స్కీమ్ ఆగిపోయి ఉంటుంది, ఆ తిప్పలు మనం పడాలి గానీ వాళ్లు కాదు.

ఇంటి ఓనర్ల సంగతి అసలైనది. నువ్వు ఎంత మంచిగా మాట్లాడినా ఓనర్‌కి ఉండేది ఒకటే భయం, అద్దె రాకపోతే ఎవర్ని అడగాలి అని. ఏ గొడవొచ్చినా నాకు ఫోన్ చెయ్యండి అని నీ నంబర్ ఇచ్చి, చేసినప్పుడు నిజంగా ఎత్తు, ఒక్కసారి ఎత్తకపోతే ఆ ఓనర్ ఇంక మనకి ఇల్లివ్వడు. అద్దె లేటవుతుందని నీకు ముందే తెలిస్తే ఆయన అడిగేదాకా ఆగకుండా నువ్వే చెప్పు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు నోటీసు ఎన్ని రోజులు, డిపాజిట్ వెనక్కి ఎలా ఇస్తారు అన్న రెండు లైన్లు వాళ్లకి గట్టిగా చదివి వినిపించు, ఖాళీ గది ఫోటోలు తియ్యమను, గోడ మీద మచ్చలతో సహా. గ్యారంటీగా ఇల్లు ఇప్పిస్తానని మాత్రం ఎవ్వరికీ మాటివ్వకు, నీ చేతిలో లేనిది అది.

అన్నట్టు చాలామంది నెలనెలా అద్దె కట్టగలరు, ఆగిపోయేది డిపాజిట్ దగ్గరే. మీ సెంటర్లో దానికి ఫండ్ ఏమైనా ఉందో లేదో, ఉంటే తిరిగి కట్టాలా వద్దా కనుక్కుని సోమవారం రాత్రి ఫోన్ చెయ్యి, లేదంటే ఎవర్ని అడగాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెద్దమ్మ