రాయితీ సైకిల్ కోసం తక్కువ జీతానికి చేరవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. వయసు 20. ఇంటర్ తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో బి.కాం. చదువుతున్నాను. ఉదయం పూట మిత్రులతో బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కుతాను. ఆదివారాలు భీమిలి దాకా వెళ్తాం. మంచి గేర్ల సైకిల్ కొనాలని ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు రెండు సైకిల్ దుకాణాలు ఉద్యోగానికి రమ్మంటున్నాయి. ద్వారకానగర్‌లోది పెద్దది, పన్నెండు మంది పనిచేస్తారు. నెలకు రూ.13,500, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉంది, సిబ్బందికి రాయితీ మాత్రం లేదు. ఎం.వి.పి. కాలనీలోది చిన్నది, నలుగురే ఉంటారు. జీతం రూ.12,000. కానీ ఆరు నెలలు నిండాక ఏడాదికి ఒక సైకిల్‌ను దుకాణం కొన్న ధరకు అయిదు శాతం కలిపి ఇస్తారట. విడిభాగాలకూ అదే పద్ధతి. సైకిల్ సొమ్ము జీతంలో కొంచెం కొంచెంగా పట్టుకుంటారు. అమెరికాలో ఇలాంటి ఉద్యోగులకు సగం ధరకే సైకిళ్లు దొరుకుతాయని విన్నాను. నాకు రెండోదానిలో చేరాలని ఉంది. నాన్న ఆటో నడుపుతారు, అమ్మకు మధుమేహం. ఇంట్లో జీతం ఎక్కువున్న చోటే చేరమంటున్నారు. చిన్న దుకాణంలో పాతికేళ్ల అనుభవమున్న మెకానిక్ కూడా ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బి.కాం. చదువుతున్నారు కనుక కాగితం, పెన్ను తీసుకుని నాతో పాటు లెక్క వేయండి. జీతాల తేడా నెలకు పదిహేను వందలు, ఏడాదికి రూ.18,000. పెద్ద దుకాణంలో ఈఎస్ఐ కింద మీ వాటాగా 0.75 శాతం, అంటే నెలకు నూట ఒక్క రూపాయి పోతుంది. అది తీసేసినా ఏడాదికి పదహారు వేల ఎనిమిది వందల దాకా మీ చేతికి ఎక్కువగా వస్తుంది. రాయితీ విలువ ఎంతైనా ఈ అంకెతోనే పోల్చుకోవాలి. సైకిల్ మీద అచ్చు వేసిన గరిష్ఠ ధరతో పోల్చుకుంటే మోసపోతారు.

ఒక ఊహాలెక్క చూద్దాం. మీరు ఇష్టపడిన సైకిల్ గరిష్ఠ ధర రూ.45,000 అనుకోండి. ఆ ధరకు దాన్ని ఎవరూ కొనరు. మీ నాన్నగారు వెంట వచ్చి పావుగంట బేరం చేస్తే పది శాతం తగ్గి రూ.40,500కు వచ్చిందనుకుందాం. ఇక దుకాణదారు దాన్ని రూ.34,000కు కొన్నారనుకుందాం, పన్ను కాకుండా. అయిదు శాతం కలిపితే 35,700. సైకిళ్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. ఆ పన్నూ కలిపితే మీరు కట్టేది రూ.37,485. అంటే బేరం తెలిసిన మామూలు గిరాకీ కంటే మీకు మిగిలేది మూడు వేలు. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు ప్యాడ్లు, హెల్మెట్ వంటి వాటి మీద ఏడాదికి మరో రెండు వేలు మిగిలిందనుకున్నా మొత్తం అయిదు వేల చిల్లరే. అదీ ఆరు నెలలు ఆగాక. ఏడాదికి ఒక సైకిల్ అన్నారు గానీ, రెండో ఏడాది మీకు రెండో సైకిల్ ఎందుకు? జీతంలో తేడా మాత్రం ప్రతి నెలా ఉంటుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ‘కొన్న ధర’ అంటే పన్ను కలిపిన ధరా, కలపనిదా? దుకాణదారు తాను కట్టిన జి.ఎస్.టి.ని అమ్మకంపై వసూలైన పన్నులో సర్దుకుంటారు కనుక, ఆయనకు అసలు ఖర్చు పన్ను లేని ధరే. 34,000కు ముందే పన్ను కలిపి 35,700 అని, దాని మీద దుకాణం అయిదు శాతం వేసి, దాని మీద మళ్లీ పన్ను వేస్తే మీ బిల్లు రూ.39,359 అవుతుంది. అప్పుడు మీకు మిగిలేది పదకొండు వందల చిల్లర. కావాలని అలా చేస్తారని నేను అనను, అడగకపోతే మాత్రం అలాగే జరిగే వీలుంది. ఇంకొకటి. యజమానినీ ఉద్యోగినీ జి.ఎస్.టి. చట్టం సంబంధీకులుగా చూస్తుంది, కాబట్టి వారి మధ్య అమ్మకపు ధర ఎంతగా చూపాలన్నదానికి వేరే నిబంధనలున్నాయి. ‘ఆడిటర్‌ను అడిగి చెబుతాను’ అని యజమాని అంటే నసుగుతున్నారని అనుకోకండి. బిల్లు లేకుండా ఇస్తాననే వారికంటే ఆయనే నయం.

అమెరికా సంగతి. మీరు విన్నది పూర్తిగా తప్పు కాదు, కానీ అక్కడ రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఒకటి దుకాణం ఇచ్చేది: కొన్న ధరకు అయిదో పదో శాతం కలిపి సిబ్బందికి అమ్మడం. మీకు చెప్పింది ఇదే. రెండోది తయారీ సంస్థ నేరుగా ఇచ్చేది: దుకాణంలో పనిచేసే వారికి తన సైకిల్‌ను టోకు ధర కంటే కూడా తక్కువకు ఇవ్వడం. సగం ధర కథలు ఎక్కువగా ఈ రెండోదాని నుంచి పుట్టినవే. సంస్థకు అందులో స్వార్థం ఉంది. కౌంటరు వెనక నిలబడ్డ కుర్రవాడు ఏ సైకిల్ తొక్కుతాడో, గిరాకీకి దాని గురించే ఉత్సాహంగా చెబుతాడు. వేల కాపీల పత్రికలో ప్రకటన కంటే ఆ మాట చవక. అందుకే అక్కడ షరతులూ గట్టిగానే ఉంటాయి: ఇన్ని నెలలు పనిచేసి ఉండాలి, ఏడాదికి ఇన్నే కొనాలి, సొంతానికే వాడాలి, ఫలానా గడువు దాకా అమ్మకూడదు. మీకు మాట ఇచ్చింది తయారీ సంస్థ కాదు, ఎం.వి.పి. కాలనీలో నలుగురితో నడిచే ఒక దుకాణదారు. ఆయన జేబులోంచి సగం ధర రాదు, రావాలని ఆశించడమూ న్యాయం కాదు.

అమ్మకూడదనే షరతు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రకం ఉద్యోగాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మీకు రాయితీ ఉందని తెలిసిన వారంలోపే మేనత్త కొడుకు ఫోన్ చేస్తాడు: ‘ఒరేయ్, నీ పేరు మీద నాకో సైకిల్ తీసిపెట్టు’ అని. బీచ్ రోడ్డు మిత్రులూ అడుగుతారు. కాదంటే మొహం మాడ్చుకుంటారు, సరేనంటే యజమాని దగ్గర మీ మాట పోతుంది. ఆయన లాభం వదులుకున్నది మీ కోసం, మీ బంధువర్గం కోసం కాదు. పైగా ట్రెక్, జెయింట్ వంటి కంపెనీలు ఫ్రేముకు ఇచ్చే జీవితకాల వారంటీ మొదట కొన్న మనిషికే వర్తిస్తుంది. బిల్లు మీ పేరున ఉంటే, ఆ ఫ్రేము రేపు సింహాచలం ఘాట్ దిగుతుండగా పగిలినా మీ బావకు ఆ జీవితకాల వారంటీ వర్తించదు, తగువు మాత్రం మీ ఇంటికి వస్తుంది. ‘సొంతానికి ఒక్కటే, అది కూడా బిల్లు మీద నా సంతకంతో’ అని చేరిన రోజే అందరికీ చెప్పేయండి. మొహమాటం ఒక్కసారితో పోతుంది.

జీతంలో పట్టుకునే పద్ధతి గురించి కూడా జాగ్రత్త. వేతనం డబ్బు రూపంలోనే ఇవ్వాలనేది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న నియమం. 2019 వేతనాల స్మృతి కూడా అదే చెబుతుంది, అన్ని కోతలూ కలిపి జీతంలో సగానికి మించకూడదని కూడా అంటుంది. రాయితీని చూపించి కార్మిక శాఖ ప్రకటించిన కనీస వేతనం కంటే తగ్గించడానికి వీల్లేదు. మీకు చెప్పిన పన్నెండు వేలను దుకాణాల విభాగానికి ప్రస్తుతం అమలులో ఉన్న కనీస వేతనంతో పోల్చి చూసుకోండి. చట్టం సంగతి అలా ఉంచితే, నాకు ఎక్కువ భయం మీ గురించే. కొత్త హెల్మెట్, కొత్త పెడళ్లు, ముందు లైటు, ఆ పైన బూట్లు... రాయితీ ఉందిగా అని తీసుకుంటూ పోతే నెలాఖరుకు జీతం వచ్చిన గల్లాపెట్టెలోకే తిరిగి పోతుంది. సైకిళ్లంటే ప్రాణం పెట్టే కుర్రవాళ్లను పనిలో పెట్టుకునే దుకాణదారుకు ఈ సంగతి తెలియకుండా ఉండదు.

ఈఎస్ఐని మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మీ ఇంటి పరిస్థితికి అది సైకిల్ రాయితీ కంటే పెద్ద వరం. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, జీతం రూ.21,000 దాటని ఉద్యోగికి అది వర్తిస్తుంది. యజమాని తన వాటాగా 3.25 శాతం కడతారు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందే వీలుంది. మందులు, పరీక్షల కోసం అమ్మగారిని మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకువెళ్లవచ్చు. నిర్ణీత రోజుల చందా నిండాక, మీరు జబ్బుపడి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. చేతులతో పనిచేసే వృత్తిలో ఇది చిన్న విషయం కాదు. నాన్నగారు జీతం ఎక్కువున్న చోటే చేరమంటున్నారంటే ఆయన కళ్ల ముందు మందుల చీటీ ఉందని అర్థం చేసుకోండి.

ఇంతవరకు చదివి, పెద్ద దుకాణమే మంచిదని చెప్పబోతున్నానని అనుకుంటారు. రాయితీ ఒక్కటే కారణమైతే నిస్సందేహంగా అంతే. కానీ మీ ఉత్తరం చివర్లో వచ్చిన మెకానిక్ దగ్గర నా ఆలోచన మారింది.

సైకిల్ దుకాణంలో రెండు రకాల ఉద్యోగాలున్నాయి. డబ్బాలో వచ్చిన సైకిల్‌ను బిగించి, ధర చెప్పి, బిల్లు చేసి పంపడం ఒకటి. బడులు తెరిచే జూన్‌లో ఈ పనికి ఊపిరి సలపదు, మిగతా కాలంలో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది పానా పట్టే పని: వంకరపోయిన రిమ్మును స్పోకులు బిగించి, వదులు చేసి సరిచేయడం, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులో నూనె మార్చి గాలి తీయడం, గేర్లు వేలి ఒత్తిడికి టక్కున పడేలా సర్దడం, హబ్బు విప్పి బేరింగులు చూడటం. మన ఊళ్లో దీనికి గిరాకీ తగ్గదు. సముద్రపు ఉప్పుగాలి చైనునూ, కేబుళ్లనూ, స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్లనూ తినేస్తుంది. కైలాసగిరి, సింహాచలం ఎక్కి దిగేవారి బ్రేకులు త్వరగా అరుగుతాయి. ముప్పై నలభై వేల సైకిల్ కొని, దాన్ని చేతికివ్వడానికి నమ్మకమైన మనిషి దొరక్క తిరిగేవారు మీ మిత్రబృందంలోనే ఉంటారు. పై మెట్టుగా విద్యుత్ సైకిళ్లున్నాయి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గనుక అవి సైకిల్ దుకాణాల్లోకే వస్తున్నాయి. వాటి వైరింగు తెలిసినవారికి రెండు రకాల పనీ దొరుకుతుంది.

పాతికేళ్ల పనితనం ఉన్న మనిషి పక్కన ఏడాది కూర్చోవడం నెలకు పదిహేను వందల ఫీజు కట్టినా దొరకని చదువు. ఆ రాయితీలోనూ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కొన్న ధర మీద అయిదు శాతమని అన్నాక, ఆ ధర ఎంతో మీకు చూపించక తప్పదు. ఏ సైకిల్ మీద ఎంత మిగులుతుంది, హెల్మెట్ మీద ఎంత, ట్యూబు మీద ఎంత, బేరంలో ఎక్కడిదాకా దిగవచ్చు అన్నవి బయటివారికి చెప్పని లెక్కలు. కొనుగోలు బిల్లులు చదవడం వచ్చిన బి.కాం. విద్యార్థి పానా పట్టడం కూడా నేర్చుకుంటే, నాలుగైదేళ్లలో సొంత దుకాణం గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. మూడు వేల ఆదా కంటే ఆ కాగితాలు చూడగలగడమే మీకు దక్కే నిజమైన రాయితీ.

కాబట్టి చిన్న దుకాణం యజమానిని కలిసి ఒకే ఒక్క విషయం తేల్చుకోండి: రోజులో సగం సమయమైనా మెకానిక్ దగ్గర కూర్చోబెడతారా? ఆయనతోనే కాదు, మెకానిక్‌తో కూడా విడిగా మాట్లాడండి. నేర్పే మనసు అందరికీ ఉండదు, తన చోటు పోతుందనే భయమూ ఉండవచ్చు. ఇద్దరూ సరేనంటే అక్కడే చేరండి, ఏడాది గడువు పెట్టుకుని. రాయితీ అక్కర్లేదు, జీతం పదమూడు వేలు చేయగలరా అని కూడా అడిగి చూడండి. ఆయన ఒప్పుకుంటే మీ సైకిల్ బేరమాడి కొనుక్కుందురు గాని. కొన్న ధర లెక్కలు చూడనివ్వమని మాత్రం అడగడం మానకండి. ఈఎస్ఐ లేని లోటు కొంతైనా తీరడానికి బ్యాంకులో ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. అది ప్రమాదాలకు మాత్రమే. అమ్మగారి వైద్యానికి ప్రభుత్వ ఆసుపత్రి, ఉంటే ప్రభుత్వ ఆరోగ్య కార్డు దిక్కు. ఈ ఏర్పాటు సరిపోదని ఇంట్లో గట్టిగా అంటే వాదించకండి.

‘ముందు కౌంటర్లో ఉండు, పని తరవాత చూద్దాం’ అని వారు దాటవేస్తే, మారు మాట లేకుండా ద్వారకానగర్ వెళ్లండి. నెలకు పదమూడు వందలు పక్కన పెడితే ఆరు నెలల్లో దాదాపు ఎనిమిది వేలవుతుంది, అది మంచి సైకిల్‌కు మొదటి వాయిదా. మెకానిక్ పని మీద మక్కువ తగ్గకపోతే సైకిల్ పనిముట్లు తయారుచేసే పార్క్ టూల్ సంస్థ ఉచితంగా పెట్టిన మరమ్మతు వీడియోలు చూస్తూ మీ సొంత సైకిల్ మీదే చేయి తిప్పుకోండి.

ఎక్కడ చేరినా నియామక పత్రం తీసుకోండి. జీతం, వారపు సెలవు, పనివేళలు అందులో ఉండాలి. చిన్న దుకాణమైతే రాయితీ లెక్క పన్ను కలపని ధర మీదనా, కలిపినదాని మీదనా, నెలకు ఎంత పట్టుకుంటారు, మధ్యలో మానేస్తే మిగిలిన సొమ్ము ఎలా కట్టాలి అన్నవి కూడా రాయించుకోండి. పదో తరగతి, ఇంటర్ అసలు ధ్రువపత్రాలు ఇవ్వమంటే నకళ్లే ఇవ్వండి. బి.కాం. పరీక్షల రోజుల్లో సెలవు కావాలని ఇప్పుడే చెప్పండి. అవి బడులు తెరిచే ముందు రద్దీలో పడితే అప్పటికప్పుడు అడిగినా ఎవరూ ఇవ్వరు.