పదో తరగతి సాంఖ్యక శాస్త్రం: ముందు రొయ్యలు తూచండి, సూత్రం తర్వాత

మీ పాప అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం సూత్రాలు బట్టీ పడుతోందనీ, ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదనీ అడిగారు. మాది నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట వైపు. ఇంట్లో రొయ్యల గుంటలున్నాయి, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ పాఠానికి నేను రొయ్యలనే వాడతాను.

సైజు ఏరకుండా ఒక 20 రొయ్యలు తీసుకుని, వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటీ తూచి రాయమనండి. (రొయ్యలు తినని ఇల్లయితే నిమ్మకాయలు. నిమ్మ మార్కెట్ ఉన్న పొదలకూరు మా జిల్లాలోనే ఉండగా వాటికి కరువా!) చిందరవందరగా వచ్చిన ఆ అంకెలే దత్తాంశం. వాటిని 5-10, 10-15, 15-20, 20-25 గ్రాముల తరగతుల్లో గణన చిహ్నాలతో (ఒక్కో రొయ్యకు ఒక్కో గీతతో) వేయాలి. సరిగ్గా 15 గ్రాములుంటే 15-20లోకి పోతుంది. పౌనఃపున్యాలు, అంటే ఒక్కో తరగతిలో పడ్డ రొయ్యల సంఖ్యలు, వరసగా 2, 5, 9, 4 వచ్చాయనుకుందాం.

పట్టికలో వేశాక ఏ రొయ్య ఎంత తూగిందో మనకిక కనపడదు. అందుకే తరగతిలో ఉన్నవన్నీ మధ్య విలువ దగ్గరే ఉన్నాయనుకుంటాం. 7.5×2, 12.5×5, 17.5×9, 22.5×4 కలిపితే 325. దాన్ని 20తో భాగిస్తే 16.25 గ్రాములు. ఇదే అంకమధ్యమం, అంటే సగటు. ఈ లెక్కన కిలోకు దాదాపు 62 రొయ్యలు, మా వాళ్ల భాషలో 62 కౌంట్.

అసలు చిక్కు సగటులకు సగటు కట్టేటప్పుడు వస్తుంది. ఒక గుంటలో 100 కిలోలు 50 కౌంట్, ఇంకోదాంట్లో 300 కిలోలు 100 కౌంట్ వచ్చాయి. రెండూ కలిపితే కౌంట్ ఎంత? పిల్లలు ఠక్కున 75 అంటారు. కాదు. మొదటిదాంట్లో 5,000 రొయ్యలు, రెండోదాంట్లో 30,000. మొత్తం 35,000ను 400 కిలోలతో భాగిస్తే 87.5. దేన్ని దేనితో భాగిస్తున్నామో అడగకుండా కలిపి రెండుతో భాగించడమే చాలామంది చేసేది, పెద్దవాళ్లతో సహా.

ఇక మధ్యగతం, అంటే విలువల్ని చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసలో పెడితే సరిగ్గా నడుమ ఉండేది. వనామీ రకం రొయ్యల గుంటలో ఎక్కణ్ణుంచో టైగర్ రకం పెద్ద రొయ్య ఒకటి చేరిందనుకోండి, బరువులు గ్రాముల్లో: 14, 15, 15, 16, 16, 17, 45. సగటు 19.7 వస్తుంది, ఏడింటిలో ఆరు దానికంటే తక్కువే! మధ్యగతం 16, గుంట పరిస్థితి చెప్పేది అదే. ఇలా ఒకటీ అరా విలువలు మరీ ఎక్కువో తక్కువో ఉన్నప్పుడు మధ్యగతం వాడాలి. ఏ సైజువి ఎక్కువ ఉన్నాయన్నదే ప్రశ్నయితే బాహుళకం. పై పట్టికలో బాహుళక తరగతి 15-20.

పరీక్ష కోసం ఒక్క మాట. పట్టికలో మధ్యగతం కట్టేటప్పుడు మధ్యగత తరగతికి (నడిమి విలువ పడే తరగతికి) ముందున్న సంచిత పౌనఃపున్యం, అంటే అక్కడిదాకా పౌనఃపున్యాలన్నీ కలిపిన మొత్తం, వేయాలి. పై పట్టికలో సంచితాలు 2, 7, 16, 20. 20లో సగం 10, సంచితం 10 దాటేది 15-20లో కాబట్టి అదే మధ్యగత తరగతి, సూత్రంలో వేయాల్సింది 7, 16 కాదు. 10లోంచి 7 తీసేసి, 9తో భాగించి, 5తో గుణించి, 15కు కలిపితే 16.67 వస్తుంది. మీ పాపతో ఈ లెక్క ఒకసారి చేయించి చూడండి, 16 వేస్తే మధ్యగతం 15 కంటే తక్కువ వచ్చి తప్పు తనకే తెలిసిపోతుంది.