నాణ్యతను మెరుగుపరచడం నిపుణుల పనా, కార్మికుల పనా?

నాణ్యతను పెంచే బాధ్యత నిపుణులదా, మామూలు కార్మికులదా అని మీరు అడిగారు. యంత్రభాగాల కర్మాగారంలో క్వాలిటీ విభాగంలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: లోపాన్ని ముందుగా పసిగట్టేది కార్మికుడు, దాన్ని లెక్కతో తేల్చగలిగేది నిపుణుడు, కానీ సరిదిద్దే అధికారం చాలాసార్లు ఈ ఇద్దరిలో ఎవరికీ ఉండదు.

మా దగ్గర ఒక లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ టూల్‌తో చెక్కే యంత్రం) మీద ప్రతి ఉదయం మొదట తీసిన షాఫ్టుల వ్యాసం కొలత దాటి వచ్చేది. బయటినుంచి వచ్చిన సలహాదారు టూల్ అరుగుదలే కారణమని తేల్చి, టూల్‌ను తరచుగా మార్పించినా ఫలితం లేకపోయింది. చివరికి ఆపరేటర్‌ను అడిగితే, “మెషీన్ చల్లగా ఉంటే ఇంతేనండి, కాసేపు ఖాళీగా తిప్పితే సర్దుకుంటుంది” అన్నాడు. స్పిండిల్ (ముక్కను పట్టి తిప్పే ఇరుసు) వేడెక్కి నిలకడకు వచ్చేదాకా కొలత మారుతూ ఉంటుందన్న సంగతి అతనికి ముందునుంచీ తెలుసు. అయితే ఖాళీగా తిరిగిన సమయాన్ని ఉత్పత్తి లెక్కల్లో నష్టంగా రాసేవారు కాబట్టి, తెలిసినా చేసే వీలు అతనికి లేదు.

అలాగని కార్మికుడి అనుభవమే చాలునని కూడా అనలేను. అదే ఆపరేటర్ ప్రతి ముక్కనూ మైక్రోమీటర్‌తో కొలిచి, రెండు మూడు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడా కనిపించగానే ఆఫ్‌సెట్ (టూల్ స్థానపు అమరిక) మార్చేవాడు. చూడటానికి అది శ్రద్ధే, కానీ సహజమైన హెచ్చుతగ్గులను ఇలా ప్రతిసారీ వెంటాడి సవరిస్తే కొలతల మధ్య తేడా తగ్గకపోగా పెరుగుతుంది. ఏ తేడాను వదిలేయాలో, ఏ తేడాకు మెషీన్ ఆపాలో చెప్పడానికే అమెరికన్ గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్టును (కొలతలను చుక్కలుగా పెట్టి, అవి హద్దులు దాటాయేమో చూసే గ్రాఫ్) రూపొందించారు. ఆ చార్టును మెషీన్ పక్కనే తగిలించి, చుక్కలు అతని చేతనే పెట్టించాక అనవసరపు సవరణలు ఆగిపోయాయి.

జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లకు (తమ పనిలోని సమస్యలను కలిసి చర్చించి పరిష్కరించే కార్మికుల చిన్న బృందాలకు) ఆద్యుడైన కౌరు ఇషికావా చేసింది కూడా ఇటువంటిదే: నిపుణుల సాధనాలను కార్మికులు వాడగలిగేంత తేలిక చేశారు. ఇక అమెరికన్ నాణ్యతా నిపుణుడు డెమింగ్ అయితే లోపాల్లో దాదాపు 94 శాతం వ్యవస్థవేనని, అవి యాజమాన్యం బాధ్యతేనని అంచనా వేశారు. ఆ లెక్కన “లోపాలు సున్నా” అంటూ గోడలకు పోస్టర్లు అతికించడం ఎవరిని ఉద్దేశించో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మా లేత్ సమస్య తీరింది ప్రొడక్షన్ మేనేజర్ ఆ వేడెక్కే సమయాన్ని రోజువారీ లక్ష్యంలోంచి మినహాయించిన తర్వాతే. మీ సంస్థలో సర్కిల్ పెట్టే ఆలోచన ఉంటే, అందులో వచ్చిన సూచనకు ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ముందే రాయించుకోండి. నేను చూసిన సర్కిళ్లలో ఎక్కువ భాగం జవాబు రాకే మూతపడ్డాయి.