బొమ్మలు వేస్తే క్యాన్సర్ నయమవుతుందా?

నయం కాదు, బొమ్మలు వేస్తే గడ్డ కరగదు; కానీ జబ్బుతో పాటు వచ్చే ఆందోళన, దిగులు చాలామందికి కొంత తగ్గుతాయి.

కుంచె కొసన నీళ్లు ఎక్కువయ్యాయా, రంగు ఎక్కువైందా అని చూస్తున్నంతసేపూ మనసు రాబోయే స్కాన్ రిపోర్టు మీదికి పోదు. పైగా తేదీలు, మందులు, సెలైన్లు అన్నీ వేరేవాళ్లు నిర్ణయించే రోజులవి. ఆకుకి పచ్చ వేయాలా, పసుపు వేయాలా అన్నది మాత్రం పేషెంటు ఇష్టం. నా దృష్టిలో ఇది చాలా పెద్ద విషయం.

ఉదాహరణకు, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కి కీమో చేయించుకుని ఇంటికొచ్చిన ఒక అమ్మని ఊహించుకోండి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల వేళ్లు తిమ్మిరెక్కి సన్న కుంచె చేతిలోంచి జారిపోతుంటుంది. కుంచె కాడకి మెత్తని గుడ్డ చుట్టి ఇస్తే పట్టు దొరుకుతుంది. వాటర్ కలర్స్ చాలు. ఆయిల్ పెయింట్స్‌లో కలిపే టర్పెంటైన్ ఘాటుకి అసలే ఉన్న వికారం ఇంకా పెరగొచ్చు.

బొమ్మ అందంగా రావాలేమో అని చాలామంది వెనకాడతారు, అక్కర్లేదు. అసలు ప్రమాదకరమైన అపోహ, ఇదే వైద్యమనుకుని కీమో మానేయడం. దయచేసి ఆ పని చేయకండి. ఆర్ట్ థెరపీ, అంటే ఇలా బొమ్మలతో మనసుకి ఊరటనివ్వడం, చికిత్సకి తోడుగా ఇచ్చేదే, దాని బదులు కాదు.