టెక్ సందేహాలు: 4 ఎంబీ ఫొటో 50 కేబీలో ఎలా ఇమిడేది?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగానికి ఐబీపీఎస్ దరఖాస్తు నింపుతున్నాను. ఫోన్‌లో దిగిన ఫొటో 4 ఎంబీ ఉంది. 20 నుంచి 50 కేబీ మధ్యే ఉండాలట. ఏదో వెబ్‌సైట్‌లో తగ్గిస్తే ముఖం అడ్డంగా సాగిపోయింది. సంతకమైతే కనిపించడమే లేదు. గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.
- డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కంగారు పడకండి, పది నిమిషాల పని. ముందు ఆ వెబ్‌సైట్ సంగతి. మీ ముఖం, సంతకం రెండూ ఊరూ పేరూ తెలియని సర్వర్‌కు పంపడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. కొలత మార్చడానికి విండోస్ కంప్యూటర్‌లోని పెయింట్ చాలు.

ఐబీపీఎస్ రెండు విషయాలు అడుగుతుంది. 200×230 పిక్సెళ్లు అన్నది బొమ్మ కొలత, 20-50 కేబీ అన్నది ఫైలు బరువు. మీరు బరువు మీదే దృష్టి పెట్టారు. ఫోన్ ఫొటో సాధారణంగా 3:4 (వెడల్పు:ఎత్తు) నిష్పత్తిలో ఉంటుంది. దాన్ని బలవంతంగా 200×230లో కూర్చోబెడితే ముఖం వెడల్పవుతుంది.

ముఖం, భుజాలు మాత్రమే ఉండేలా ఫోన్‌లోనే 3:4లో క్రాప్ చేసుకోండి. పెయింట్‌లో తెరిచి కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. పిక్సెల్స్ ఎంచుకుని, యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) టిక్ తీయకుండా అడ్డం 200 ఇవ్వండి. నిలువు దానంతటదే 267 పడుతుంది. తల పైన కాస్త ఖాళీ ఉంచి, సెలెక్ట్‌తో 200×230 గీసి క్రాప్ నొక్కండి. గీస్తున్నంతసేపూ కింది పట్టీలో కొలత కనిపిస్తుంది.

దీన్ని నాణ్యత తగ్గని పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, అందుకే ఆ పని చివర్లో ఒక్కసారే. దానికి గూగుల్ వాళ్ల స్క్వూష్ (Squoosh) అనే సైటు వాడండి. అది బ్రౌజర్‌లోనే పని చేస్తుంది, ఫొటో మీ కంప్యూటర్ దాటి పోదు. అందులో జేపెగ్‌గా మార్చే మోజ్‌జేపెగ్ ఎంచుకుని క్వాలిటీని అటూ ఇటూ జరుపుతుంటే కేబీలు మారడం కనిపిస్తుంది. 20 కన్నా తగ్గినా దరఖాస్తు తీసుకోదు, అప్పుడు క్వాలిటీ పెంచండి.

ఇక సంతకం. బహుశా కాగితం మొత్తం ఫొటో తీసి ఉంటారు. అంత కాగితం సంతకానికి ఐబీపీఎస్ చెప్పే 140 పిక్సెళ్ల వెడల్పుకు కుదించుకుపోతే సంతకానికి మిగిలేది చీమ పాకినంత జాడే. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో 7 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల ఎత్తు గడి గీయండి. నల్ల ఇంకుతో గడి నిండా సంతకం పెట్టి, గీత లోపలికి క్రాప్ చేయండి. 140×60కి అది సరిగ్గా సరిపోతుంది. సంతకం 10-20 కేబీ ఉండాలి. ఎంత క్వాలిటీ పెంచినా 10 రాకపోతే అదే నిష్పత్తిలో 280×120 తీసుకోండి. 140×60 మేలని ఐబీపీఎస్ చెబుతుందే తప్ప తప్పనిసరి అనదు.

ప్రశ్న: అన్నయ్య వాట్సాప్‌లో పంపిన షష్టిపూర్తి గ్రూప్ ఫొటోను 18×12 అంగుళాల ప్రింట్ వేయించబోతే పగిలిపోతుందని స్టూడియోలో అన్నారు. డీపీఐ 72 నుంచి 300కి మార్చినా లాభం లేదు.
- గృహిణి, తెనాలి

జవాబు: డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) ఫైలుకు కట్టిన చీటీ లాంటిది. చీటీ మారిస్తే లోపలి పిక్సెళ్లు పెరగవు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అన్నయ్యను అడగండి. గోడకు పెట్టే ప్రింటుకు అంగుళానికి 200 పిక్సెళ్లు చాలు, అంటే 3600×2400. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ 4000×3000 ఇస్తుంది కాబట్టి సరిపోతుంది. అయితే 18×12కి పైనో కిందో కొంత తెగుతుంది. ముందు వరుసలో కూర్చున్నవారి పాదాలు తెగకుండా, ఎక్కడ కత్తిరించాలో స్టూడియో వాళ్లకు మీరే చూపించండి.

ప్రశ్న: అమెరికా వీసా ఫొటోకూ ఇవే కొలతలా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కాదు. అది చతురస్రం. కనీసం 600×600, గరిష్ఠంగా 1200×1200 పిక్సెళ్లు, 240 కేబీ దాటకూడదు. కళ్లద్దాలు తీసేయండి. ఫిల్టర్లతో ముఖం నున్నగా చేస్తే ఒప్పుకోరు.